ఊరు రద్దయితే మనుషుల లెక్క కూడా రద్దవ్వాలా? జనాభా లెక్కల అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారం. కెనడాలోని సస్కాచవాన్ ప్రావిన్సులో, ప్రెయిరీ అనే గడ్డి మైదానాల్లో ఉన్న చిన్న పల్లెల జనాభా వివరాల గురించి మీకు రాస్తున్న మూడో ఉత్తరం ఇది. మొదటి రెండింటికీ జవాబు రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాం.

రాబ్‌సార్ట్‌నే తీసుకోండి. ప్రావిన్సు నైరుతి మూలన, 13వ నంబరు హైవే మీద ఉన్న ఊరు. 2002 జనవరి 1న దాని విలేజ్ హోదా పోయి, రీనో నంబర్ 51 గ్రామీణ మునిసిపాలిటీలో కలిసిపోయింది. కౌన్సిల్ పోయింది, పన్నుల పుస్తకం పోయింది, సరే. లెక్కల పట్టికలో ఊరి వరుస ఎందుకు తెగిపోవాలి? మామూలుగా ప్రావిన్సు ఊరి హద్దు గీత గీసి పంపితేనే ఇలాంటి ఊరు మీ పట్టికలో ప్రత్యేక స్థలంగా కనిపిస్తుంది. గీత రాకపోతే ఆ మనుషులు మునిసిపాలిటీ మొత్తంలో కరిగిపోతారు.

బ్లాకుల, అంటే మీ లెక్కల్లోని అతి చిన్న విభాగాల, సంఖ్యలు కూడుకోమంటారేమో. కూడి చూశాం. 15 మందికి లోపు ఉన్న బ్లాకులో సంఖ్యను 5 గుణిజానికి సవరించి ఇస్తారు. ముగ్గురున్న బ్లాకు సున్నాగానో అయిదుగానో కనిపిస్తుంది. పట్నానికి ఇది తేడా కాదు. జనం ఉన్న ఇళ్లు అయిదు, విడివిడి స్థలాలు పది ఉంటేనే హామ్లెట్ (చిన్న పల్లె) అని చట్టం చెప్పే చోట, ఒక్క ఇంటి తేడా అంటే ఊరు ఉన్నట్టా లేనట్టా అన్నంత తేడా. పైగా బ్లాకు హద్దు రోడ్డును పట్టి పోతుంది, ఊరి హద్దును పట్టి కాదు. అవతలి పొలంలోని కుటుంబం కూడా ఊరి లెక్కలో పడుతుంది. 40 మందికి తక్కువైతే వయసులు, భాషలు అసలే ఇవ్వరు. గోప్యత అవసరమే, కాదనం. కానీ మొత్తం తలల సంఖ్యను ఒకే హద్దుతో ప్రతి అయిదేళ్లకూ ఇస్తే ఎవరి గుట్టు బయటపడుతుంది?

పాత కాలానిది ఇంకో తిప్పలు. ప్రెయిరీ ప్రావిన్సులకు 1906 నుంచి 1946 దాకా పదేళ్ల లెక్కల మధ్యలో కూడా ప్రత్యేక జనగణన జరిగింది. అది విలువైన సంపద. కానీ విలేజ్ హోదా లేని ఊరిని అందులో పేరుతో వెతికితే దొరకదు. పాత సర్వే పటంలో ఊరు ఏ సెక్షన్‌లో (చదరపు మైలు గడిలో) పడిందో చూసుకోవాలి, ఆ గడి ఎక్కడుందో చెప్పే టౌన్‌షిప్, రేంజ్, మెరిడియన్ నంబర్లు రాసుకోవాలి, ఆ పుటలన్నీ తిరగెయ్యాలి. టౌన్‌షిప్ అంటే 36 చదరపు మైళ్లు. అందులో ఊళ్లో ఉన్నదెవరో వృత్తి గడి ఉన్న పుటల్లో అది చూసి పోల్చుకోవాలి: స్టేషన్ ఏజెంటు, ధాన్యం ఎలివేటరు (రైలు పక్కన ధాన్యం నిలవచేసి ఎక్కించే గిడ్డంగి) నడిపేవాడు, దుకాణదారు అయితే ఊరు, రైతు అయితే పొలం. ముసలితనంలో ఊళ్లో ఇల్లు కొనుక్కున్న రైతు దగ్గర ఈ లెక్క తప్పుతుంది. 1931 పుటలు 2023లో బయటికొచ్చాయి. 92 ఏళ్లు గడిచాకే పుటలు బయటపెట్టాలన్న నిబంధన ప్రకారం 1936వి 2028 దాకా రావు. కరువుకు, దుమ్ము తుఫానులకు జనం ఊళ్లు వదిలిన సంవత్సరాలవి.

1931లో ఈ ప్రావిన్సు జనాభా 9,21,785, 1951లో 8,31,728. ఆ తరిగిన మనుషులు ఏ ఊళ్లనుంచి తరిగారో ఊరి వరుస లేకుండా ఎవరు చెప్పగలరు? గుర్రబ్బండి పొద్దున బయల్దేరి ధాన్యం దించి ఇల్లు చేరేంత దూరానికొక రైలు సైడింగు (బండ్లు ఆగి సరుకు ఎక్కించుకునే పక్క పట్టాలు) వేశారు. లారీలు వచ్చాక ఆ దూరాలకు అర్థం పోయింది, 1995లో ధాన్యం రైలు రాయితీ ఎత్తేశాక శాఖా లైన్లు, చెక్క ఎలివేటర్లు ఇంకా వేగంగా పోయాయి. ఇవన్నీ మీకు తెలిసినవే. ఏ ఊరికి ఏ దెబ్బ ఎప్పుడు తగిలిందో చూపేది జనాభా వరుసే.

దయచేసి రద్దయిన ప్రతి విలేజ్‌కూ చివరి హద్దును స్థిరంగా ఉంచండి. హద్దు గీత పంపమని ప్రావిన్సును మీరే అడగండి. పాత పుటల్లోని సెక్షన్లకు ఊరి పేరు జత చెయ్యండి. అన్నీ ఒక్కసారే కుదరకపోతే రాబ్‌సార్ట్‌తోనైనా మొదలుపెట్టండి. కనీసం ఈ ఉత్తరానికి జవాబివ్వండి.

ఇట్లు,
ప్రెయిరీ పల్లెల చరిత్ర కూర్చుతున్నవారు