మన వాగు: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడు సంఘం చేసిన పనుల్లో పెద్దది వాగు నడక. చిన్నప్పటి నుంచి ఈ వాగులో ఈత కొట్టినవాళ్లమే గానీ, అది పుట్టే గుట్ట నుంచి జంపన్నవాగులో కలిసేదాకా ఒక్కసారీ నడవలేదు. వానలు వెనకబట్టాక రెండు రోజులు నడిచాం. పైన గుట్టల్లో ఉన్నవన్నీ ఒర్రెలే. వాన పడితే ఉరుకుతాయి, తెరిపి ఇస్తే ఆ పూటకే ఎండిపోతాయి. లోయలోకి దిగాక వాలు తగ్గి, మోసుకొచ్చిన ఇసుకంతా అక్కడ దిగబడుతుంది. వాగు అనదగింది అక్కడి నుంచే.

ఈ ఇసుక సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఏప్రిల్‌లో రెండు చోట్ల చెలిమెలు తోడి చూశాం. ఒకటి చింతచెట్టు మలుపులో, ఎవరూ ఇసుక ఎత్తని జాగలో. పైన కాలు పెడితే కాలుతోంది. మూరెడు లోతుకు చెయ్యి చల్లబడింది. ఇంకో జానెడు తోడేసరికి అంచుల నుంచి నీళ్లు ఊరడం మొదలైంది, మేము సద్ది తినేలోపు గిన్నెతో ముంచుకునేన్ని అయ్యాయి. రెండోది ట్రాక్టర్లు తిరిగిన చోట. అక్కడ తోడడానికి ఇసుకే లేదు, పారకు బండ తగిలింది. వానాకాలంలో ఇసుక తాగిన నీళ్లే యాసంగిలో మెల్లగా పక్క బావులకు, బోర్లకు అందుతాయి. ఇసుక ఎత్తకుండా చూడాలని తీర్మానం చేసి అధికారులకు ఇచ్చాం. జవాబు రాలేదు, మళ్లీ అడుగుతాం.

చెక్‌డ్యాం కావాలని కొందరు సభ్యులు కోరారు. ముందు ఒర్రెలకు అడ్డంగా రాళ్ల కట్టలు వేద్దామని కమిటీ అభిప్రాయం, లేకపోతే చెక్‌డ్యాం పూడికతో నిండిపోతుంది. జాగ చూసుకోవడం కూడా ముఖ్యమే. లక్నవరం చూడండి: చుట్టూ గుట్టలు, మధ్యలో సందులు. కాకతీయుల కాలంలో ఆ మూడు సందులకు పొట్టి కట్టలు వేశారు, అంత చెరువు నిలిచింది.

ఇక వరద. 2023 జూలై 27 ఉదయానికి మన ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంటే ఒక్క ఎకరం మీదనే 26 లక్షల లీటర్లు. ఆ వానకు జంపన్నవాగు పొంగి కొండాయి ఊళ్లో పోయిన ప్రాణాలను మన ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. అందుకే ఈసారి కల్వర్టు గోడకు పసుపు, ఎరుపు గీతలు వేశాం. పసుపు గీత మునిగితే బండ్లు ఆపాలి, ఎర్ర గీత దాకా వస్తే వాగొడ్డు ఇళ్లు ఖాళీ చేయాలి. ఆగస్టులో ఒక మధ్యాహ్నం పసుపు గీత మునిగింది. ఆ రోజు ఊళ్లో చినుకు లేదు, ఎండ కాస్తోంది. పడిందంతా పైన గుట్టల్లోనే. బట్టలు ఉతికే ఆడవాళ్లను కేకేసి ఒడ్డుకు పిలవడంతో గండం తప్పింది.

గీతల రంగు వెలిసింది. మృగశిర కార్తెకు ముందే మళ్లీ వేయాలి. రాత్రిపూట గీత చూసి ఫోన్ చేయడానికి అవతలి ఒడ్డున ఇంకా ఇద్దరు కావాలి, పేర్లు కార్యదర్శికి ఇవ్వండి.