లెక్కల పేపర్లో ఆలోచించే ప్రశ్న ఒక్కటైనా పెట్టించండి

తెలంగాణ పాఠశాల విద్యాశాఖ డైరెక్టర్ గారికి,

నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మన గణితం పుస్తకాల్లో పాఠం మధ్యమధ్యలో ‘ప్రయత్నించండి’, ‘ఆలోచించి, చర్చించి రాయండి’ అని బాక్సులుంటాయి. పిల్లల బుర్రకు నిజంగా పని పెట్టేవి అవే. కానీ చాలాచోట్ల వాటిని దాటేసి నేరుగా అభ్యాసంలోకి వెళ్లిపోతున్నాం. సిలబస్ టైముకు అయిపోవాలి, పరీక్షలో అభ్యాసం లెక్కలే వస్తాయి. ఇందులో టీచర్లను తప్పుపట్టి లాభం లేదు.

మొన్న ఆరో తరగతిలో 25ను 16తో గుణించమన్నాను. ఎప్పుడూ ‘నాకు లెక్కలు రావు సార్’ అనే అమ్మాయి పెన్ను పట్టకుండానే 400 అన్నది. ఎట్లా వచ్చిందమ్మా అంటే, ‘నాలుగు ఇరవై అయిదులు వంద. పదహారులో నాలుగు నాలుగులున్నాయి కద సార్’ అన్నది. బోర్డు మీద రాయమంటే మాత్రం వెనకాడింది. ‘ఇట్లా రాస్తే మార్కులేస్తారా సార్?’ అని అడిగింది.

పదకొండేళ్ల పిల్లకు సొంత ఆలోచన వచ్చిన క్షణంలోనే మార్కుల టెన్షన్ పట్టుకుంది. లెక్కలంటే భయం ఇక్కడే మొదలవుతుందని నా నమ్మకం. లెక్క కష్టమై కాదు, తన దారి చెల్లదేమోనని.

మహారాష్ట్రలోని దేవలాలీలో బడిపంతులుగా పనిచేసిన కాప్రేకర్ కనిపెట్టిన 6174 ఆట పెట్టి చూడండి. అంకెలన్నీ ఒకటే కాని నాలుగంకెల సంఖ్య, 3524 అనుకోండి. అంకెలను పెద్ద నుంచి చిన్నకు, చిన్న నుంచి పెద్దకు పేర్చి తీసివేస్తే 3087. మళ్లీ అలాగే చేస్తే 8352, ఆ తర్వాత 6174. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఏడు మెట్లలోపే అక్కడికి చేరాల్సిందే. తీసివేతలంటే విసుక్కునే పిల్లలే బెల్లు కొట్టినా వదలరు. డిసెంబర్ 22న, జాతీయ గణిత దినోత్సవం నాడు, ఉపన్యాసాలకు బదులు ఈ ఆట ఆడిద్దాం.

అయితే ఏడాదికొక రోజు సరిపోదు. మీరు తలచుకుంటే అయ్యే పనులు రెండున్నాయి. బడిలో ఏడాది పొడుగునా పెట్టే ప్రతి ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్), ఎస్‌ఏ (సమ్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్ష పేపర్లో ఒక్కటైనా ఒకే జవాబుకు కట్టుబడని ప్రశ్న పెట్టించండి. ‘చుట్టుకొలత 24 సెం.మీ. ఉండే దీర్ఘచతురస్రాలు ఏమేం గీయగలవు? ఎక్కువ వైశాల్యం దేనికి? ఎందుకు?’ లాంటిది. రెండోది, పిల్లలు ఏ దారిలో చేసినా తర్కం సరిగ్గా ఉంటే పూర్తి మార్కులు వేయాలని ప్రతి బడికీ సర్క్యులర్ పంపండి. దాన్ని టీచర్లకే పరిమితం చేయకుండా క్లాసులో పిల్లలకు చదివి వినిపించాలని అందులోనే రాయించండి.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయుడు