టీకాకు ముందు లేజర్

ఎడిటర్ గారూ,

టీకా ఇంకా బాగా పనిచేసేలా, వేసే చోట ముందుగా ఒక్క నిమిషం ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని కాంతి) లేజర్ పెట్టే ప్రయోగాల గురించి వింటే చాలామంది చర్మం కాలుతుందేమోనని టెన్షన్ పడుతున్నారు. కాల్చేంత పవర్ వాడరండీ. అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ పరిశోధకులు 2013లో ఫ్లూ టీకాతో ఎలుకల మీద చూపించిందేమిటంటే, 1064 నానోమీటర్ల కాంతి తగిలాక చర్మంలోని డెండ్రిటిక్ కణాలు (ఒక రకం రోగనిరోధక కణాలు) చురుగ్గా కదులుతాయి, అవే కదా టీకా సరుకును లింఫు గ్రంథులకు మోసుకెళ్లి యాంటీబాడీల పని మొదలుపెట్టించేది. టీకాలో అల్యూమినియం లవణాలు కలిపే, 1926లో కనిపెట్టిన పద్ధతి కూడా టీకాకు ఊపునివ్వడానికే, కాకపోతే లేజర్‌తో ఒంట్లోకి అదనంగా ఏ మందూ వెళ్లదు. నాకు నచ్చింది అదే. కానీ ఎలుక తోలు వేరు, మన తోలు వేరు. పైగా నల్లటి చర్మం కాంతిని ఎక్కువ పీల్చుకుని త్వరగా వేడెక్కుతుంది, కాబట్టి అన్ని రంగులవాళ్ల మీదా పరీక్షించాకే లేజర్ డోసు తేల్చాలి.

ఒక పాఠకుడు