జ్వరాల కాలం: ఫాగింగ్ బండి కోసం ఎదురుచూడకండి

తల్లిదండ్రులకు, అమ్మమ్మ తాతయ్యల దగ్గర ఉండి చదువుకుంటున్న పిల్లల పెద్దలకు నమస్కారం.

వానలు మొదలైనప్పటి నుంచి హాజరు పట్టీలో 'జ్వరం' అనే కారణం ఎక్కువగా కనబడుతోంది. మొన్నటి పేరెంట్స్ కమిటీ మీటింగులో చాలామంది అడిగింది కూడా ఒకటే: "మేడమ్, పంచాయతీ వాళ్లతో చెప్పి ఫాగింగ్ కొట్టించండి." చెప్పాను, కొట్టిస్తామన్నారు. కానీ దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పాలి.

ఆ పొగ ఎగిరే దోమల్నే చంపుతుంది. నీళ్లలో ఉన్న గుడ్లను, పిల్లపురుగులను ఏమీ చేయలేదు. పైగా డెంగీ దోమ వీధిలో ఉండదు. దండెం మీది బట్టల వెనక, మంచం కింద, చీకటి మూలల్లో నక్కి ఉంటుంది. బండి చప్పుడు వినగానే మనమేమో తలుపులు వేసుకుంటాం. పొగ వీధంతా తిరిగి పోతుంది, దోమ ఇంట్లో క్షేమంగా ఉంటుంది. ఈసారి బండి వస్తే అన్నం, నీళ్ల గిన్నెల మీద మూతలు పెట్టి, తలుపులు కిటికీలు తీసి ఉంచండి. పిల్లల్ని మాత్రం దాని వెనక పరుగెత్తనివ్వకండి. అది పురుగుమందు, ఆట కాదు.

డెంగీని, చికున్‌గున్యాను తెచ్చే ఏడిస్ దోమకు ఒంటి మీద, కాళ్ల మీద తెల్లచారలుంటాయి. పగలే కుడుతుంది, ముఖ్యంగా పొద్దున, మళ్లీ సాయంత్రం చీకటి పడేలోపు. ఇది మురుగుకాల్వలో కాదు, మనం పట్టి దాచుకున్న మంచినీళ్లలో పుడుతుంది. ఎక్కువ దూరం ఎగరదు కూడా. సాధారణంగా పుట్టిన చోటు నుంచి వంద, రెండు వందల మీటర్లలోనే తిరుగుతుంది. అంటే మీ పాపను కుట్టిన దోమ మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, లేదంటే మా బడిలోనో పుట్టి ఉంటుంది. కాల్వలు బాగుచేయించాలి, కాదనను. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమ పెరిగేది అలాంటి మురికినీళ్లలోనే. కానీ డెంగీ వచ్చినందుకు కాల్వను తిడుతూ కూర్చుంటే లాభం లేదు.

మరి ఎక్కడ వెతకాలి? గ్రైండర్ వచ్చాక పెరట్లో మూలన పడేసిన రోలులో. తాగి విసిరేసిన కొబ్బరిబోండాల్లో, పాత టైర్లలో, కోళ్లకు నీళ్లు పెట్టే చిప్పలో, మనీప్లాంట్ సీసాలో, మూత పగిలిన ట్యాంకులో. ఫ్రిజ్ వెనక కింది భాగంలో ఒక ట్రే ఉంటుంది, అది ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు స్లాబు మీద క్యూరింగ్ కోసం కట్టలు కట్టి నిలబెట్టే నీళ్లను కూడా చూసుకోవాలి.

గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే ఆశా కార్యకర్తలు 'శుక్రవారం డ్రై డే' అంటారు. వారానికోసారి నీళ్లు ఖాళీ చేస్తే పురుగు దోమ అయ్యేలోపే పోతుంది. అయితే పారబోసి మళ్లీ నింపితే సరిపోదు. ఏడిస్ గుడ్లు పెట్టేది నీళ్ల మీద కాదు, నీటి అంచుకు కాస్త పైన, తొట్టి గోడకు అంటించి పెడుతుంది. నీళ్లు లేకుండా ఎండిపోయినా అవి నెలల తరబడి బతికే ఉంటాయి. తడి తగలగానే పొదుగుతాయి. కాబట్టి తొట్టిని, గోలేన్ని కొబ్బరిపీచుతో లోపలంతా గట్టిగా రుద్ది కడగండి, గంటసేపు బోర్లించి ఎండబెట్టండి. నీళ్లు రెండు రోజులకోసారి వచ్చే వీధులవాళ్లు పారబోయలేరు, వాళ్ల కష్టం నాకు తెలుసు. వాళ్లు నీళ్లు పట్టిన వెంటనే డ్రమ్ముకు పల్చని గుడ్డ కప్పి తాడుతో బిగించి కట్టండి. వాడని బావి ఉంటే ఆరోగ్య కార్యకర్తకు చెప్పండి, దోమ పిల్లపురుగులను తినే గంబూసియా చేపలు వదిలే ఏర్పాటు చేస్తారు.

బడిలోనూ ఇదే పని చేస్తున్నాం. మధ్యాహ్న భోజనం దగ్గర చేతులు కడిగే తొట్లు, పూలకుండీల పళ్లేలు, సన్‌షేడ్ల మీద నిలిచే నీళ్లు ప్రతి శుక్రవారం చివరి పీరియడ్‌లో చూస్తాం. మేడ మీదికి అటెండరు, పీఈటీ మాస్టారు మాత్రమే ఎక్కుతారు. ఇంటి దగ్గర కూడా పిల్లల్ని ట్యాంకు ఎక్కించకండి. ఇంకో మాట, నవంబరు దాకా ఫుల్ ప్యాంటు, ఫుల్ చేతుల చొక్కా వేసి పంపండి. యూనిఫాం రంగు కలవకపోయినా ఎవరూ ఏమీ అనరు.

ఇక జ్వరం వచ్చాక సంగతి. హాజరు శాతం తగ్గుతుందని జ్వరంతో ఉన్న పిల్లల్ని బడికి పంపకండి. డెంగీ ఒకరి నుంచి ఒకరికి నేరుగా అంటుకోదు, నిజమే. కానీ జ్వరంలో ఉన్న బిడ్డను కుట్టిన దోమ కొన్ని రోజులకు మిగతా పిల్లలకు దాన్ని అందిస్తుంది. అందుకే జ్వరం బిడ్డను పగలు కూడా దోమతెరలోనే పడుకోబెట్టండి.

జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే, డాక్టరు చెప్పిన మోతాదులో. ఒళ్లు నొప్పులంటున్నాడని ఆర్‌ఎంపీ దగ్గర నొప్పుల ఇంజెక్షన్ చేయించవద్దు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి డెంగీలో రక్తస్రావాన్ని పెంచే ప్రమాదం ఉంది. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది: డెంగీలో ప్రమాదం ఎక్కువగా జ్వరం దిగేటప్పుడు మొదలవుతుంది, అంటే మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య. 'ఒళ్లు చల్లబడింది, తగ్గిపోయింది' అనుకునే సమయంలోనే కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మగతగా ఉండటం, మూత్రం తగ్గిపోవడం లాంటివి కనబడితే రాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్లేట్‌లెట్ల టెన్షన్ గురించి కూడా చెప్పాలి. లక్ష కిందికి పడగానే ఇంటిల్లిపాదీ దాతల కోసం పరుగులు పెడుతున్నారు. రక్తస్రావం లేనప్పుడు 10,000 కిందికి పడితే తప్ప సాధారణంగా ఎక్కించాల్సిన పని ఉండదు. ఒంట్లో నీరు తగ్గకుండా చూడటమే అసలు వైద్యం. బొప్పాయి ఆకు రసం గురించి మీతో వాదించను. కానీ వాంతులవుతున్న పిల్లలకు బలవంతంగా పట్టకండి, దాన్ని నమ్ముకుని ఆసుపత్రిని ఆలస్యం చేయకండి.

సెలవులకు ఏజెన్సీ ఊళ్లకు వెళ్లొచ్చే పిల్లలకు చలిజ్వరం వస్తే అదే రోజు మలేరియా పరీక్ష చేయించండి. వైవాక్స్ రకమైతే జ్వరం రెండు మూడు రోజుల్లో తగ్గినా, క్రిమి కాలేయంలో దాగి ఉండి కొన్ని వారాలకో నెలలకో మళ్లీ లేస్తుంది. అందుకే డాక్టరు 14 రోజుల మాత్రలు రాస్తే పద్నాలుగూ వేయించాలి. మలేరియా దోమ రాత్రిపూట కుడుతుంది కాబట్టి ఆ ఊళ్లలో ఇచ్చే దోమతెరలు పడుకోవడానికే వాడండి, చేపలు పట్టడానికి కాదు.

ఆగస్టు 20 ప్రపంచ దోమల దినం. 1897లో ఆ రోజునే రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. హుస్సేన్ ఖాన్ అనే రోగికి, అతన్ని కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి ఆ దోమల్ని పరిశీలించాడని చెబితే పిల్లలు ఒకటే నవ్వు. బోదకాలుకు వాడే డీఈసీ మందు వెనక ఉన్న భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి తొమ్మిదో తరగతి వాళ్లు చార్టులు గీస్తున్నారు. ఆ మధ్యాహ్నం మూడు గంటలకు సైన్స్ టీచరు గాజుసీసాలో దోమ పిల్లపురుగులను చూపిస్తారు, వీలున్నవాళ్లు రండి. మీ తొట్టిలో అలాంటివి కనబడితే ఒక సీసాలో పట్టి, మూత గట్టిగా బిగించి, పిల్లలతో కాకుండా మీరే తీసుకురండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల