షాపులో బాగా నడిచిన ఇంజన్ గాల్లో ఎందుకు ఆగింది?

నవంబరు, డిసెంబరు నెలల్లో మా రాణిగంజ్ షాపులో గ్లో ఇంజన్ (రిమోట్‌తో ఎగరేసే మోడల్ విమానాల చిన్న ఇంజన్) ట్యూనింగ్ చేయించుకున్న వాళ్లలో ఆరుగురు ఒకే ఫిర్యాదుతో తిరిగొచ్చారు. స్టాండు మీద చక్కగా నడిచిన ఇంజన్, విమానం ముక్కు పైకెత్తగానే ఆగిపోతోందట. ఒకాయన ట్రైనర్‌కి, అంటే ఎగరేయడం నేర్చుకునే మోడల్‌కి, రెక్క విరిగింది. తప్పు మాదే.

మేం మధ్యాహ్నం ఎండలో, మా ట్యాంకుతో, మా ప్రొపెల్లర్‌తో సెట్ చేసి ఇచ్చాం. మీరు ఆదివారం పొద్దున్నే చలిలో ఎగరేశారు. చల్లగాలి చిక్కగా ఉంటుంది కాబట్టి, అదే నీడిల్ (ఇంధనం ఎంత వెళ్లాలో సరిచేసే స్క్రూ) సెట్టింగ్‌లో ఇంధనం చాలక ఇంజన్ లీన్ అయిపోతుంది. మీ విమానంలో ట్యాంకు కార్బ్యురేటర్ కంటే బాగా కిందికి ఉంటే ముక్కు లేచేసరికి అది కాస్తా ఆగుతుంది. సంక్రాంతికి విశాఖ తీసుకెళ్లినాయనది మరీ పాపం. మన హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, సముద్రం దగ్గర గాలి ఇంకా చిక్కన. ఇక్కడి సెట్టింగ్ బీచ్‌లో పనికొస్తుందా?

ఇకనుంచి మీరు ఎగరేసే మైదానానికే నేనొస్తాను. మీ ట్యాంకు, మీ ప్రొపెల్లర్, మీరు వాడే ఇంధనంతోనే పని. ముందు లింకేజీ (థ్రాటిల్‌ని కదిపే కడ్డీ) చూస్తాను: రిమోట్‌లో థ్రాటిల్ స్టిక్ మధ్యలో ఉంటే బ్యారెల్ (కార్బ్యురేటర్‌లో గాలి దారి తెరిచి మూసే భాగం) సగం తెరుచుకోవాలి, కిందికి లాగితే మిల్లీమీటరు సందు మిగలాలి, స్టిక్ పక్కనుండే చిన్న సర్దుబాటు మీట, ట్రిమ్, కూడా పూర్తిగా దించితే మూసుకుపోయి ఇంజన్ ఆగాలి. తర్వాత ఫుల్ థ్రాటిల్. స్పీడు గరిష్ఠానికి చేరాక నీడిల్ కొంచెం విప్పి 200–300 ఆర్‌పీఎం తగ్గిస్తాను. ఆ మోతకి మనసొప్పదు, ఇంకాస్త బిగించమంటారు. బిగించను. విమానాన్ని గట్టిగా పట్టుకుని ముక్కు ఆకాశంలోకి ఎత్తినా స్పీడు పడిపోకూడదు.

స్లో సెట్టింగ్ (తక్కువ స్పీడులో ఇంధనం సరిచేయడం) చివర్లో. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుండగా ఇంధనం ట్యూబు నొక్కగానే ఇంజన్ ఠక్కున ఆగితే లీన్, చాలాసేపు స్పీడు పెరిగి ఆగితే రిచ్, అంటే ఇంధనం ఎక్కువ. ఇక్కడ ఇంకో తప్పు ఒప్పుకోవాలి. రెండు నీడిళ్ల కార్బ్యురేటర్‌లో స్లో స్క్రూ బిగిస్తే ఇంధనం తగ్గుతుంది. ముందువైపు చిన్న గాలి రంధ్రం ఉన్న రకంలో బిగిస్తే గాలి తగ్గి మిశ్రమం రిచ్ అవుతుంది. మా కుర్రాడు రెండింటినీ ఒకేలా తిప్పాడు. వాణ్నేం అనను, చెప్పాల్సింది నేను.

ఆ రెండు నెలల్లో ట్యూనింగ్ చేయించుకున్న అందరికీ మళ్లీ ఉచితంగా చేస్తాను. వద్దనుకుంటే కట్టిన 400 రూపాయలు వెనక్కి తీసుకోండి. విరిగిన రెక్కకు బాల్సా, కవరింగ్, కూలీ మావే. ఈలోపు మీరే నీడిల్ తిప్పాలనుకుంటే మాత్రం ప్రొపెల్లర్ వెనక నిలబడి తిప్పండి, ముందునుంచి చెయ్యి పెట్టొద్దు.