కారం గడ్డకట్టడం గురించి, మేం మార్చిన పద్ధతి గురించి

మా దగ్గర కారం కొనే గుంటూరు, విజయవాడ వాళ్లందరికీ,

పోయిన నెల అరకిలో ప్యాకెట్లలో కారం గడ్డకట్టిందని చాలామంది చెప్పారు. నిజమే, తప్పు మాదే. సగం వాడేసినా సరే, కవరు తెస్తే కొత్తది ఇస్తాం.

ఆ కారం ఆడిన మిరపకాయ కోల్డ్ స్టోరేజీ సరుకు. చల్లటి కాయ బయటికి రాగానే గాలిలో చెమ్మంతా పట్టేస్తుంది. పలచగా పరిచి ఆరబెట్టాకే మిల్లులో పోయాలి. మాకు కాయ అమ్మిన కొట్టువాళ్లు అప్పుడే తీసిన టిక్కీలను, అంటే మిరప బస్తాలను, ఆరబెట్టిన సరుకని అంటగట్టారు. పైన కాయ ఫెళ్లున విరిగింది, అడుగు కాయ తోలులా వంగింది. నిలదీస్తే "మీ గోడౌన్లోనే చెమ్మ" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడటం లేదు. కిలోకి పది రూపాయలు తగ్గించినా ఇక ఆ కొట్టు గడప తొక్కం.

అయినా ఆ సరుకు మా గుమ్మం ఎలా దాటింది? కాయ కొన్న మా వాళ్లే బాగుందని రాసుకున్నారు కాబట్టి. ఆరుగురున్నప్పుడు అలా నడిచింది. ఇప్పుడు 34 మందిమి. కాయ కొనేవాళ్ల కన్ను ధర మీద, మిల్లు వాళ్ల కన్ను రోజుకెన్ని కిలోలు ఆడాయన్న లెక్క మీద. సరుకు ఆపితే ఇద్దరికీ ఇబ్బందే. అందుకే ఆపే అధికారం ఆ ఇద్దరికీ కాకుండా మూడో మనిషికి ఇచ్చాం.

ఎవరికివ్వాలన్న దగ్గరే రెండు వారాలు నిద్ర పట్టలేదు. కాయ విరిచిన చప్పుడుతోనే తేమ చెప్పగల మేస్త్రి ఉన్నారు. కానీ ఆర్డర్లు మీద పడ్డ రోజున మిల్లు నడపాల్సిందీ ఆయనే. గడ్డకట్టిన ప్యాకెట్‌ను మొదట పట్టుకున్న ప్యాకింగ్ అమ్మాయికి ఇచ్చాం. మేస్త్రిగారు నొచ్చుకున్నారు. ఆయన జీతం, మిల్లు మీద పెత్తనం ఏమీ తగ్గలేదు, కానీ ఈ నిర్ణయం మారదు.

ఆ అమ్మాయి నేరుగా నాకే జవాబుదారీ. ప్రతి లోడులో పది టిక్కీలకు మూడు విప్పించి పైనుంచి, మధ్యలోంచి, అడుగునుంచి కాయ తీసి తేమ మీటరు పెడుతుంది. నిబంధనల ప్రకారం కారంలో తేమ 11 శాతం మించకూడదు. కాయ దగ్గరే ఆ గీత దాటితే లోడు వెనక్కే. ఆడిన కారం కూడా పూర్తిగా చల్లారాకే కవర్లోకి వెళ్తుంది, వేడిమీద కడితే లోపల ఆవిరి పట్టి ఉండలు కడుతుంది. తను ఆపిన సరుకును నేను చెప్పినా కదపకూడదని కాగితం మీద రాసి సంతకం పెట్టాను.

దీనివల్ల డెలివరీ ఒక రోజు ఆలస్యమవుతుంది. గొడ్డుకారం ఈ నెలాఖరు దాకా ఉండదు.