మందిరం హాలు తాళం తీయండి

సంపాదకులు గారికి,

మా జిల్లా కేంద్రంలోని ప్రభుత్వాసుపత్రికి పల్లెల నుంచి వచ్చే ప్రతి పేషెంట్ వెంట ఇద్దరు ముగ్గురు వస్తారు. రాత్రయితే వార్డులో ఒక్కరినే ఉండనిస్తారు. అది రోగి మేలుకే, తప్పనలేం. మిగతావాళ్లు గేటు బయట పట్టా పరుచుకుని, చెప్పులు తలకింద పెట్టుకుని పడుకుంటారు. ఫోన్ చార్జింగ్‌కి టీకొట్టు వాడిని బతిమాలాలి. కోడలి కాన్పుకు తోడొచ్చిన అత్తలు రాత్రిపూట బాత్రూమ్‌కి ఎక్కడికెళ్లాలో తెలియక, సాయంత్రం నుంచే మంచినీళ్లు తాగడం మానేస్తారు. వానొస్తే షాపుల షట్టర్ల కిందికి పరుగు.

అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలోనే మా క్రైస్తవ మందిరాలు, అంటే చర్చిలు, ఉన్నాయి. ఫ్యాన్లు, బోరు, మరుగుదొడ్లు ఉన్న హాళ్లున్నాయి. ఆదివారం ఆరాధన, శుక్రవారం ఉపవాస ప్రార్థన, అప్పుడప్పుడూ ఓ పెళ్లి. మిగతా రాత్రులు తాళమే. నేనూ ఒక సంఘ సభ్యుణ్ణే, బయటివాడిగా ఈ మాట అనడం లేదు.

డిసెంబరులో మేం వార్డులకెళ్లి రొట్టెలు, పండ్లు పంచుతాం. మంచిదే. ఒక్క అరటిపండు మీద నలుగురి చేతులు పడి ఫోటో దిగడం మాత్రం చూడలేకపోతున్నాను. సంక్రాంతి నాటికి ఆ వార్డు ఎవరికీ గుర్తుండదు. బైబిల్లో యేసు చెప్పిన కథలోని మంచి సమరయుడు దారిలో పడి ఉన్నవాడి గాయాలకు నూనె, ద్రాక్షారసం పోశాడని ప్రసంగాల్లో వింటూనే ఉంటాం. ఆ తర్వాత అతను గాయపడినవాణ్ణి పూటకూళ్ల ఇంటికి చేర్చి, తెల్లారాక రెండు దేనారాలు (వెండి నాణేలు) ఇచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. బస సంగతి కూడా చూశాడన్నమాట.

హాలు తెరిస్తే మతప్రచారం అంటారేమోనని కొందరు పెద్దల భయం. ఆ భయానికి జవాబు ఒంగోలులోనే ఉంది. 1876–78 కరువులో అక్కడ పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, అదే కరువు రోజుల్లో బాప్తిస్మాలు (క్రైస్తవంలో చేర్చుకునే నీటి సంస్కారం) ఆపేశాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మేం గొప్పగా చెప్పుకుంటాం. అంతకుముందు ఆయన పాటించిన ఆ నియమాన్ని మాత్రం వదిలేస్తాం. హాల్లో పడుకున్నవాళ్లకు కరపత్రం ఇవ్వొద్దు, ప్రార్థనకు లేపొద్దు, కులమతాలు అడగొద్దు.

దొంగతనాలు, కరెంటు బిల్లు అనే మాటలూ వస్తాయి. ఆసుపత్రి చీటీ చూసి రిజిస్టర్‌లో పేరు రాసుకోవచ్చు. సంఘంలోని యువకుల నుంచి రాత్రికి ఇద్దరు వంతులవారీగా ఉండొచ్చు. ఆడవాళ్లకు వేరే గది, అక్కడ స్త్రీల సమాజం నుంచి ఒకరు. బిల్లుకు నెలలో ఒక ఆదివారం కానుక కేటాయిస్తే సరిపోతుంది. సరిపోకపోతే మైకులు, స్పీకర్ల ఖర్చు కాస్త తగ్గించుకుందాం, చుట్టుపక్కల వాళ్లూ సంతోషిస్తారు.

రాత్రి బస కట్టించాల్సింది ప్రభుత్వమే, కాదనను. ఆ భవనం లేచేదాకా అత్తలు, అమ్మలు రోడ్డు పక్కన పడుకోవాలా? ఆసుపత్రికి దగ్గర్లో ఉన్న సంఘాల కాపరులు (పాస్టర్లు), పెద్దలు ఒకసారి కూర్చుని, సూపరింటెండెంట్‌ను కలిసి, వానాకాలం మొదలయ్యేలోగా కనీసం ఒక్క హాలైనా తెరవాలని కోరుతున్నాను.

– ఒక సంఘ సభ్యుడు, ప్రకాశం జిల్లా